బొట్టు లేని బాడిస

మా మేనమామ ఎవరి పనిముట్టూ కాజేయలేదు. ఇరవై రెండేళ్ల కిందట ఎర్రబోరు సంతలో ఆయన్ని దొంగ అన్నప్పుడే నేనీ మాట చెప్పాల్సింది. అది చెప్పగలిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. చెప్పలేదు.

మామ బచేలిలో గనుల వర్క్‌షాపులో వడ్రంగి. అప్పట్లో నేను వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. ఎర్రబోరు రోడ్డు నుంచి గంట నడిస్తే వచ్చే ఒక పల్లెలో ఆయనకొక స్నేహితుడు ఉండేవాడు. దోర్ల తెగ రైతు. వ్యవసాయం లేని రోజుల్లో శబరి నది మీద తిరిగే దోనెలు తొలిచేవాడు. వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు, అయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఒక ఏడాది మామ అతని దగ్గర ఏదో పనిముట్టు అడిగి తెచ్చుకున్నాడు. పని అయ్యాక దాన్ని గోనెలో చుట్టి, తాడుతో బిగించి, కోంటకు వెళుతున్న నా చేతికిచ్చి, దారిలో దిగి బావకు ఇచ్చి వెళ్లమన్నాడు.

ఎర్రబోరులో బస్సు ఆగినప్పుడు వాన పడుతోంది. నా కాళ్లకు కొత్త బూట్లు. గంటసేపు బురదలో నడవాలి. వచ్చేటప్పుడు ఇద్దాంలే అనుకున్నాను. వచ్చేటప్పుడు నిద్రపోయాను. ఇంటికొచ్చాక మామ "ఇచ్చినవా?" అనడిగితే "ఇచ్చిన" అన్నాను. ఆ మూటను ఇంటి వెనక ఆయన చెక్కపని చేసుకునే షెడ్డులో, పైకప్పు వాసాల మీద పాత పలకల వెనక్కి తోశాను. వచ్చే నెల ఎలాగూ కోంట వెళతాను కదా, అప్పుడిస్తే సరిపోతుందనుకున్నాను. వెళ్లలేదు.

నాలుగు నెలలకు స్నేహితుడు సంతలో మామను అడిగాడట. మామ ఇంటికొచ్చి నన్ను నిలబెట్టి రెండోసారి అడిగాడు. "సక్కగ చెప్పు. బావ చేతికే ఇచ్చినవా?" అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. షెడ్డు పది అడుగుల దూరంలో ఉంది. "ఆయన చేతికే ఇచ్చిన" అన్నాను. తరువాతి సంతలో మామ అందరి ముందూ, తన మేనల్లుడు అబద్ధమాడడనీ, అబద్ధాలకోరు నువ్వేననీ స్నేహితుణ్ణి అన్నాడు. అతను మామను దొంగ అన్నాడు. అంతటితో వాళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. ఆ తరువాత కాల్పులతో, మందుపాతరలతో ఆ దారిలో రాకపోకలే తగ్గిపోయిన ఏళ్లు వచ్చాయి. నాకు అదొక సాకుగా దొరికింది.

మామ నిరుడు పోయాడు. దంతెవాడలో నాకు చిన్న కరెంటు సామాన్ల దుకాణం ఉంది. మొన్న మాఘమాసంలో అత్త కబురు పెట్టింది. వెళితే మామ పెట్టె చూపించి, "పాత ఇనుము కొనేటోడు రోజూ వాకిట్ల నిలబడుతుండు. వానికి ఇయ్యకముందు నువ్వు జూస్కో" అంది.

మూత తీస్తే ఒకదాని మీద ఒకటి తుప్పు పట్టిన ఇనుము. లెక్కపెడితే ఇరవై మూడు. నేను వడ్రంగిని కాను. అందులో సగానికి నాకు పేర్లు తెలియవు. వారం వారం వెళ్లి అత్త వరండాలో కూర్చుని, ఒక్కొక్కదాన్నీ కిరసనాయిలులో నానబెట్టి, ఇటుకపొడి చల్లి కొబ్బరిపీచుతో రుద్దడం మొదలుపెట్టాను. పక్కింట్లో, వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన శ్రీకాకుళం ముసలాయన ఉంటాడు. నేను కూర్చోగానే గోడ మీద మోచేతులు పెట్టి చూస్తూ నిలబడేవాడు.

ఒక ఉలి తుప్పు వదిలాక దాని వెన్ను మీద సన్నటి అడ్డగీతలు బయటపడ్డాయి. అవేమిటో నాకు అర్థం కాలేదు. ఫిట్టరు దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు. "ఇది పుట్టుకతో ఉలి కాదు బాబూ. ఇనుము అరగదీసే ఆకురాయి, ఈ గీతలు దాని పళ్లు. అరిగిపోతే పారేయకుండా కాల్చి ఉలి చేయించాడు మీ మామ." చిన్న చెక్కకు గుచ్చిన పుల్ల, పుల్ల చివర మేకు ఉన్న వస్తువొకటి దొరికితే పిల్లల బొమ్మ అనుకున్నాను. దాని పేరు ఆయనకూ గుర్తు రాలేదు. పలక అంచుకు ఆనించి లాగి, అంచుకు సమానదూరంలో తిన్నటి గీత ఎలా పడుతుందో మాత్రం చూపించాడు. చిత్రిక అడుగున చెక్క ఒకవైపే అరిగి ఉంది. మామ ఎప్పుడూ కుడి భుజం వంచి తోసేవాడన్నది అది చూశాకే నాకు గుర్తొచ్చింది. తుప్పు కింద మనిషి కనబడుతున్నట్టు అనిపించి, ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడసాగాను.

ఐదో పనిముట్టు దగ్గర ఒక సంగతి గమనించాను. పిడిలోకి ఇనుము దిగే చోట, సందులో రంగు పొరలున్నాయి. పసుపు, దాని మీద ఎరుపు, కొన్నింటి మీద నారింజ రంగు. ఫిట్టరు చూడగానే చెప్పేశాడు. వర్క్‌షాపులో విశ్వకర్మ పూజకు హిందీవాళ్లు పనిముట్లకు నారింజ సింధూరం పెట్టేవారట. పసుపూ కుంకుమా మన దసరావి. అంటే మూడు రంగులూ ఉన్నవి మామ రోజూ పనికి పట్టుకెళ్లినవి. పసుపూ ఎరుపూ మాత్రమే ఉన్నవి ఇల్లు దాటనివి, బహుశా వాళ్ల నాన్న వాడినవి. అది తెలిసేసరికి మొదటి నాలుగింటి గుర్తులను నేనే కిరసనాయిలుతో కడిగేశాను. అవి ఎక్కడివో ఇక ఎవరూ చెప్పలేరు.

అప్పటి నుంచి సందులు ముట్టకుండా తుడుస్తూ అడుగుకు వచ్చాను. అడుగున ఒకటి విడిగా, నూనెగుడ్డలో చుట్టి ఉంది. విప్పితే తుప్పు లేదు. ఇప్పనూనె వాసన. చెక్క చెక్కే బాడిసే, కాని మామూలు బాడిస కాదు. ఇనుము దోసిలిలా లోపలికి వంగి ఉంది.

"ఇదేటి బాబూ, గరిటకి కర్ర కట్టినట్టుంది," అన్నాడు ఫిట్టరు. "వర్క్‌షాపులో నేనెప్పుడూ చూళ్లేదు. పసుపుకొమ్ములు తవ్వుకోడానికేమో."

"నీకు నౌకరితోటి కండ్లు గూడ పోయినయి అన్నా," అంది లోపలి నుంచి అత్త. "పసుపు తవ్వేదానికి అంత పదును దేనికి?"

సందులో రంగు కోసం చూశాను. భూతద్దం తెచ్చి చూశాను. పసుపు లేదు, ఎరుపు లేదు, నారింజ లేదు. ఇరవై మూడింటిలో అన్నిటికంటే శ్రద్ధగా చూసుకున్నదానికి ఒక్క పూజ కూడా జరగలేదు. ఎందుకో తెలియక అత్తను అడిగాను.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో కూర్చుంది. "మనది కానిదానికి బొట్టు పెట్టి మన దేవుని ముందట ఎట్ల పెడతం? ప్రతి దసరాకు అన్నిటిని వరుసగ పెట్టేటోడు. దీన్ని మాత్రం నూనె రాసి పక్కకు పెట్టేటోడు. ఎర్రబోరు బావది గద."

ఆ గోనెమూటలో ఏముందో నేను ఏనాడూ విప్పి చూడలేదు. చేతిలో ఉన్నది అదేనని అప్పుడే తెలిసింది.

"మామకు ఎట్ల దొరికింది?"

"షెడ్డు రేకులు మార్చిన ఏడు. పలకలు దించుతుంటె మూట కింద పడ్డది. విప్పి చూసిండు. ఆ పూట అన్నం తినలే."

"నన్ను అడగలేదేంది అత్తా?"

"రెండుసార్లు అడిగె గద, ఇచ్చిన అంటివి. మూడోసారి అడిగితె వాడు మల్ల అబద్ధమాడుతడు, అది నేను వినలేను అన్నడు." నూనెగుడ్డ మడతపెడుతూ, "ఇచ్చొస్తనని రెండుసార్లు బయలెల్లిండు. రెండుసార్లు దంతెవాడ బస్టాండ్ల నుంచే ఎనక్కి మర్రిండు. బావకు ఇస్తే, అల్లుడే అబద్ధాలోడని చెప్పాలె గద. అది నోట రాలేదు మనిషికి" అంది.

దంతెవాడ బస్టాండుకు నా దుకాణం నాలుగు అడుగుల దూరం. ఆ రెండు రోజులూ ఆయన నా దుకాణానికి రాలేదు.

ఫిట్టరు ఎప్పుడు వెళ్లిపోయాడో గమనించలేదు. మర్నాడు దుకాణం మూసి, దంతెవాడ నుంచి సుక్మా మీదుగా ఎర్రబోరు వెళ్లి, గంట నడిచాను. మామ స్నేహితుడు, ఆ పెద్దాయన, వాకిట్లో కూర్చుని కర్రతో చింతకాయలు కొట్టి గింజలు తీస్తున్నాడు.

"ఎవలు?"

"బచేలి మేస్త్రి మేనల్లుణ్ణి పెద్దయ్యా."

"ఆ దొంగ అల్లుడివా. ఇన్నేళ్లకు దొరికిందా తొవ్వ? ఎట్లున్నడు?"

"పోయిండు. నిరుడు."

కర్ర ఆగింది. "నాకు కబురన్న చెయ్యలే," అన్నాడు.

గుడ్డ విప్పి బాడిస ఆయన ముందు పెట్టాను. తీసుకుని బొటనవేలు అంచు మీద ఆనించాడు. తన తండ్రిదట. దీని తరువాత కమ్మరి చేత రెండు చేయించాడట గాని ఏదీ దోనె కడుపులో ఇలా తిరగలేదట. "సూడు దీని పదును. నేనెన్నడన్న ఇంత పదును పెట్టిన్నా? దొంగోడు నాకంటె మంచిగ జూస్కున్నడు."

"ఆయన దొంగ కాదు పెద్దయ్యా," అని మొదలుపెట్టి, బస్సూ, వానా, వాసాలూ అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చాడు.

"బూట్ల కోసమా?"

"బూట్ల కోసమే."

"ఎన్నేళ్లు వచ్చినయి ఆ బూట్లు?"

"ఏడాది కూడా రాలేదు."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. క్షమించమని వంగబోతే కర్ర అడ్డం పెట్టాడు. "ఈడ కాదు. నా వాకిట్ల నాకు చెప్తె ఏమొస్తది? బావ నన్ను అబద్ధాలోడన్నది సంతల. నేను దొంగ అన్నది సంతల. సంత రోజు రా. ఆడ చెప్పు."

సంత రోజున వెళ్లాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఉప్పు అమ్మేచోటికి తీసుకెళ్లాడు. అక్కడే జరిగిందట అప్పటి గొడవ. తనకు తెలిసిన నలుగురు ముసలివాళ్లను కేకవేసి పిలిచాడు. ఇద్దరికి గుర్తుంది, ఇద్దరికి లేదు. గుర్తులేనివాళ్లకు తమ దోర్లీ భాషలో మొదటి నుంచి చెప్పాడు. దొంగ అన్న మాట తనదేనని కూడా చెప్పాడు. చుట్టూ జనం చేరారు. పక్కన ఎండుచేపలు అమ్మే ఆమె, "చెప్పేదేందో జల్ది చెప్పు బాబూ, నా బేరానికి అడ్డం నిలబడ్డవ్" అంది.

అందరికీ వినపడేలా చెప్పాను.

"బాడిస మా మామ కాజేయలేదు. ఇచ్చి రమ్మని నా చేతికే ఇచ్చాడు. నేను ఇవ్వలేదు, ఇచ్చానని ఆయనతో రెండుసార్లు అబద్ధం చెప్పాను. అడిగిన ఈ పెద్దయ్య అబద్ధాలకోరు కాడు, నన్ను నమ్మిన మా మామ దొంగ కాడు. ఇద్దరినీ విడదీసింది నేనే. మామకు చెప్పుకునే రాత నాకు లేదు. పెద్దయ్యా, నువ్వు నన్ను క్షమించు."