మేనత్త గొంగడి

రోహిణి కార్తె వస్తే మా మేనత్త గుర్తొస్తుంది. గిద్దలూరులో రోళ్లు పగిలే ఎండలోనూ ఆమె గొంగడి కప్పుకొనే కూర్చునేది.

"గొర్రెలు కాసేదానికి పోతావా ఏందమ్మా?" అని నాయన ఎగతాళి చేసేవారు. ఆస్పత్రిలో చూపిద్దామని ఎవరన్నా ఒప్పుకునేవారు కాదు; భూములు పోయినా, మా ఇంటి ఆడపడుచు ఆస్పత్రి వరుసలో నిలబడరాదన్నది ఆయన పట్టుదల.

ఒకనాడు ఆమె, "బతకాలని లేదన్నా. ఎందుకో తెలీదు," అంది.

ఆ పూటే నాయన ఆమెను కర్నూలు తీసుకుపోయి, వరుసలో తానూ నిలబడ్డారు. డాక్టరు ఆమె మెడ తడిమి చూసి, రక్తపరీక్ష చేయించి, "గొంతులో థైరాయిడ్ గ్రంథి మందగించింది. ఈ చలీ, ఈ దిగులూ దానివల్లే కావొచ్చు," అని మాత్రలు రాసిచ్చాడు.

మరుసటి వేసవిలో అత్త గొంగడి పక్కకు నెట్టి, "ఏందన్నా ఈ ఎండ, నిప్పులు పోస్తాంది," అని విసుక్కుంది.

ఏనాడూ తన చేత్తో విసనకర్ర పట్టని నాయన, ఆమె పక్కన కూర్చొని పొద్దుగూకేదాకా విసిరారు.