సారు కొట్టని మాట

టైపు సారు పోయారు. వాళ్ల అపార్ట్‌మెంట్ సంఘం పంపిన మెసేజ్ నా ఫోన్‌కూ వచ్చింది: ‘దురదృష్టవశాత్తు లిఫ్ట్ ప్రమాదంలో మరణించారు.’ ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు అనుమానం వచ్చింది. ఆ మొదటి మాటను సారు జన్మలో టైపు కొట్టలేదు.

నాంపల్లిలో కోర్టు పక్క గల్లీలో టైపు మిషన్ పెట్టుకుని అర్జీలూ దావాలూ కొట్టేవారాయన. మా నాన్న పోయిన నెలకు నేనూ అమ్మా ఆయన దగ్గరికి వెళ్లాం. నాన్న ఆబిడ్స్‌లో ఓ బట్టల దుకాణంలో గుమాస్తా. పొద్దున షట్టరు తీస్తుంటే పైనుంచి సజ్జ విరిగి మీద పడింది. జరిగిందంతా టైపు చేయించుకు రమ్మని వకీలు పంపాడు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మంచి తెలుగులో రాయాలని రెండు పేజీలు రాసుకెళ్లాను. మొదటి మాట చూసి సారు వేళ్లు ఆగిపోయాయి.

“ఎవలు రాసిన్రు?”

“నేనే సార్.”

“చక్కగ రాసినవ్ బిడ్డా. గానీ గీ ‘దురదృష్టవశాత్తు’ నేను కొట్ట. దురదృష్టం మీద దావా ఏస్తే సమన్లు ఏ అడ్రసుకు పంపుతరు?”

వెక్కిరిస్తున్నాడనుకుని నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం అమ్మ వైపు తిరిగారు.

“అమ్మా, సజ్జ ఉత్తగనే పడదు. ముందుగాల ఏమన్న కనవడ్డదా?”

“మూడ్నెల్ల సంది పెచ్చులు రాలుతుండె సార్. మా ఆయన సేటుకు రెండుసార్లు చెప్పిండు.”

“ఎవలి ముంగట?”

“పక్క పాన్‌డబ్బాయన విన్నడు.”

“ఔ, గదీ రాయాలె! తెల్సి గూడ బాగు చేయించలే. కేసు నిలవడేది గా ముక్క మీదనే.”

నాన్న ఆయుష్షు అంతేనని చుట్టాలందరూ చెప్పి వెళ్లారు, మేమూ సరేననుకున్నాం. ఒకరు చేయాల్సిన పని చేయకపోతే ఇంకొకరి ప్రాణం పోయినప్పుడు, జవాబు అడిగే హక్కు ఇంట్లోవాళ్లకు ఉంటుందని ఆ మిషన్ ముందు కూర్చున్నాకే తెలిసింది. పోలీసు కేసు వేరు, మన దావా వేరు అని సారు వేళ్లు మడిచి చెప్పారు. గడువు దాటితే ఎంత ఏడ్చినా వినేవాళ్లుండరని కూడా చెప్పారు.

ఆయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. చాయ్ ఎవరు తెప్పించారో తెలిస్తేగానీ గ్లాసు ముట్టేవారు కాదు. ఏ కాగితాన్నయినా కింది లైను నుంచి చదివేవారు. “పండ్లు పట్టుకొని పలకరించనీకి వచ్చినోని రెండో చెయ్యి చూడాలె బిడ్డా” అనేవారు. ఒకసారి నాన్న పోస్టుమార్టం రిపోర్టు అడిగితే అసలుదే తీసి ఇచ్చాను. “జిరాక్సు ఇయ్యాలె. అడిగింది నేనైనా సరే!” అని గట్టిగా కోప్పడ్డారు.

కేసు ఏళ్లు నడిచింది. సజ్జ బాగు చేయించకపోవడం తప్పేనని కోర్టు రాసిన రోజు అమ్మ చాలాసేపు ఏడ్చి, కడుపునిండా అన్నం తింది. సారుకు మేం పడ్డ రుణం అది.

అన్ని కాగితాలనూ అనుమానించిన మనిషి లిఫ్ట్ తలుపును నమ్మారు. తలుపు తెరుచుకుంది, లిఫ్ట్ రాలేదు, ఆయన కాలు పెట్టేశారు. తలచుకుంటే ఆయన మీదే కోపం వస్తుంది నాకు.

పదో రోజున నాలుగో అంతస్తులోని వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే లిఫ్టుకు కొత్త తలుపు పెట్టారు. పాతది ఎక్కడుందని వాచ్‌మన్‌ను అడిగితే తెలియదన్నాడు. ఇంట్లో సంఘం సెక్రటరీ కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో ఆపిల్ పండ్ల సంచి. నేను రెండో చెయ్యి చూశాను, అందులో ఒక కాగితం.

ఊరందరికీ కాగితాలు కొట్టిన సారు ఇంట్లో ఆయన భార్యకు, మా పెద్దమ్మకు, సంతకం రాదు. ఆమె బొటనవేలికి అప్పటికే సిరా అంటి ఉంది, కాగితం మీద ముద్ర ఇంకా పడలేదు.

“సంఘం సాయం చేస్తున్నది, గిది ఉత్త రసీదు” అన్నాడు సెక్రటరీ. “లిఫ్ట్‌ల ఏ ఖరాబీ లేకుండె. ఇప్పుడు గూడ మంచిగ నడుస్తున్నది.”

కాగితం తీసుకుని కింది నుంచి చదివాను. ‘ఇకపై ఎవరిపైనా ఏ దావా వేయము.’ పైకి వచ్చేసరికి మొదటి మాట అదే, దురదృష్టవశాత్తు.

“పెద్దమ్మా, లిఫ్ట్ ఎప్పటి సంది ఖరాబున్నది?”

“దసర సంది బిడ్డా. మీ సారు రెండుసార్లు అర్జీ కొట్టి ఈయన చేతికే ఇచ్చిండు.”

“జిరాక్సులున్నయా?”

పెద్దమ్మ నన్ను వింతగా చూసింది. “జిరాక్సు తియ్యకుంట మీ సారు ఏ కాగితమన్న ఇచ్చిండా?”

అంటూనే ఆమెకు తను అన్నదేమిటో తెలిసింది. సిరా వేలిని కొంగుకు తుడుచుకుంది.

సెక్రటరీ నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. కింద పెట్టిన పండ్ల సంచి కూడా పెద్దమ్మ తిరిగి ఆయన చేతికే ఇచ్చేసింది. గుమ్మం ఎదురుగా లిఫ్ట్ ఆగి ఉంది, లోపల లైటు వెలుగుతోంది. ఆయన దాని ముందు ఒక్క క్షణం నిలబడి, నాలుగంతస్తులూ మెట్ల మీదుగానే దిగిపోయాడు.