దుప్పటి వెనక ఆశీర్వాదం మావయ్య

మన క్యాంప్ 1 బస్తీ వాట్సాప్ గ్రూపులో నిన్న ఎవరో పాత ఫోటోలు పెడితే, కింద అందరూ "బంగారు రోజులు" అని రాశారు. ఆ ఫోటోలన్నిటి వెనకా ఉండే నీలం పూల దుప్పటి గుర్తుందా? మన రేకుల ఇళ్లు కనబడకుండా కట్టేవాళ్లం. ఒక కొస మేకుకి, రెండో కొస ఆశీర్వాదం మావయ్య చేతికి. పొడుగు మనిషి గనక అని చెప్పుకునేవాళ్లం. చర్చికి వెళ్లే మనిషి గనక అని ఎవరూ పైకి అనలేదు.

మా ఇంటి ఫోటో రోజున "నువ్వూ రా మావయ్యా" అన్నాను.

"నేనొచ్చేత్తే దుప్పటి మీ బాబు పట్టుకుంటాడేట్రా?" అని నవ్వాడు.

"హిలో మత్!" అని, కదలొద్దని హిందీలో అరిచాడు ఫోటోలు తీసే భయ్యా.

మరుసటి ఏడు మావయ్య జ్వరంతో పోయాడు. ఆయన భార్య, మేరీ అత్తయ్య, ఇల్లిల్లూ తిరిగి ఆల్బమ్‌లు చూసింది. ఎక్కడా ఆయన ముఖం లేదు. మా ఫోటోలో మాత్రం అంచున, దుప్పటి పట్టుకున్న నాలుగు వేళ్లు కనిపించాయి.

"ఈ ముక్క కోసి ఇచ్చీ ఒదినా. నాకింకేటీ నేదు" అంది.

"బాగుంది! ఫోటో పాడైపోదేటి?" అంది మా అమ్మ.

కాలేజీలో చదువుతున్నవాణ్ని. పక్కనే నిలబడి చూశాను.

అత్తయ్య ఆ వేళ్ల మీద తన వేలు ఒకసారి ఆనించి, ఆల్బమ్ మూసి వెళ్లిపోయింది.

ఆ వేళ్లు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. ఇద్దామంటే ఇప్పుడు అత్తయ్యా లేదు.