ఇంజన్ ఆపి చూసిన కడ్డీ

నన్ను చూసి ఎవరు, ఎక్కడ, ఎందుకు నవ్వారో నాకు బాగా గుర్తుంటుంది. అందరికంటే ముందు గుర్తొచ్చేది హిందూపురం మెకానిక్కు.

అరవైల మొదట్లో బెంగళూరులో ఒక పాత అమెరికా కారు కొన్నాను. దానికి ఎడమకాలితో తొక్కే క్లచ్చు లేదు, గేర్లు వాటంతట అవే మారతాయి. మా ధర్మవరంలో అలాంటిది ఇంకెవరికీ లేదు. అందుకే కొన్నాను. నా భార్యతో ఇంటికి వస్తూ హిందూపురంలో ఆ మెకానిక్కు షెడ్డు ముందు ఆపి, గేర్ల ఆయిల్ ఎలా చూసుకోవాలని అడిగాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏమప్పా, ఎడమకాలికి పని లేని బండి కొన్యావే! ఆ కాలు ఇంట్లోనే పెట్టి రావచ్చు గదా!"

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇక జన్మలో ఇతని ముఖం చూడకూడదనుకుని, కారు తలుపు ధడాలున వేసుకుని వచ్చేశాను.

ఇంట్లో ఆయిల్ నేనే చూసుకున్నాను. ఉదయాన్నే బానెట్ ఎత్తి, కొలిచే కడ్డీ లాగి తుడిచి, మళ్లీ ముంచి తీశాను. తుడవడానికి పోగులు రాలని గుడ్డ కావాలి కాబట్టి పట్టు ముక్క వాడాను. మా ఆవిడది మగ్గాల ఇల్లు.

"మా నాయన నేసిన పట్టుతో ఆయిల్ తుడుస్తాండారా? ఇంక దానికి చీర గూడా కట్టండి" అంది.

ఆయిల్ కడ్డీ మీది ఫుల్ గీతకు చాలా పైన ఉంది. అమ్మినవాడు ఎక్కువ పోసి మోసం చేశాడని మండిపడ్డాను. మోసం చేసేవాడు ఎవడైనా ఎక్కువ ఇస్తాడా అన్నది అప్పుడు తట్టలేదు. రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీల్చి, సగం గుక్క మింగి, మిగతాది సీసాలోకి దించాను. గీతకు సరిపోయేదాకా మూడు ఉదయాలు ఇదే పని.

ఆ ఆదివారం బావమరిది బిడ్డ నామకరణానికి పెనుకొండ బయలుదేరాం. ఊరు ఇంకా కొంత దూరముందనగా ఎత్తు వచ్చింది. ఇంజన్ గర్జించింది, కారు కదల్లేదు. తర్వాత వెనక్కి కదిలింది.

"ఇంక చీర కట్టినా ఎక్కదు" అంటూ మా ఆవిడ దిగింది. నేను వద్దంటున్నా వినకుండా, హిందూపురం పోయే బస్సు డ్రైవరుతో ఆ మెకానిక్కుకే కబురంపింది.

మధ్యాహ్నానికి ఆయన వచ్చి ఒకటే అడిగాడు. "ఇంజన్ ఆపి చూసినావా?"

"ఆపే చూశాను."

"ఆపితే పైనుండే ఆయిల్ అంతా కిందికి దిగుతాది, కడ్డీ మీద ఎక్కువ చూపిస్తాది. బండి కొంచెం నడిపి, వేడెక్కినాక, సమంగా ఉండే చోట నిలిపి, ఇంజన్ ఆడతా ఉండంగానే చూడల్ల. తీసిన ఆయిల్ యాడుండాది?"

మా ఆవిడ నామకరణం బిడ్డకు తెచ్చిన బట్టల బుట్టలోంచి సీసా తీసింది. ఎందుకైనా మంచిదని తెచ్చిందట. అందరం కలిసి కారును చదునైన చోటికి తోశాం. ఇంజన్ ఆడుతుండగా కడ్డీ తీస్తే దానికి చుక్క కూడా అంటలేదు. ఆయన నా పట్టు ముక్కతోనే వడకట్టి, కొంచెం కొంచెంగా పోస్తూ, గీత దాకా తెచ్చాడు. నవ్వలేదు. ఆ నవ్వకపోవడం కూడా నేను మరచిపోలేదు.

కారు ఎత్తు ఎక్కింది. నా కోపం ఇంకా దిగలేదు. "ఈ ఒక్క మాట ఆ రోజే చెప్పుంటే ఏం పోయేది వాడికి?" అన్నాను.

"చెప్తానే ఉన్న్యాడు గదా! ఇంజన్ ఆపి చూడొద్దప్పా అని ఆయప్ప వెనకాల అరస్తాంటే మీరే తలుపేసుకొని వచ్చేస్తిరి" అంది మా ఆవిడ.

నాకైతే అది గుర్తులేదు. నవ్విన వాళ్ల పళ్లు మాత్రం ఇప్పటికీ లెక్కపెట్టగలను.