డ్రమ్మర్ పేరు నిలబెట్టిన కరెంటు మోత

2006 మార్చిలో నేను శాంటా క్లారాలోని ఒక ఆడియో స్టూడియోలో సీనియర్ ట్రాన్స్‌ఫర్ ఇంజనీరుని. పాత టేపుల్లోని పాటని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఆ నెలలో ఒక పెద్ద అమెరికన్ రాక్ బ్యాండు రిహార్సల్ టేపులు మా దగ్గరికొచ్చాయి. డెబ్బైల నాటివి, ఎన్నడూ విడుదల కానివి. బ్యాండు పేరు బయటపెట్టనని సంతకం చేశాను కనుక ఇప్పుడూ చెప్పను.

పాత టేపును తెచ్చి నేరుగా మెషీన్ మీద పెడితే అంతే సంగతులు. టేపు మీద పాటని దాచుకున్న పూతను పట్టి ఉంచే జిగురు తేమకి బంకబంకగా అయి ఉంటుంది. తిప్పామంటే పూత ఊడి వచ్చేస్తుంది. అందుకని ముందు సన్నని వేడిలో ఆరబెడతాం. దీన్ని బేకింగ్ అంటారు. మేం వాడింది పళ్ల ముక్కలు ఎండబెట్టుకునే మామూలు మెషీనే. ఈ సంగతి విని మా ఆవిడ సుజాత, "ఖాళీ ట్రే ఉంటే చెప్పండి, మన మామిడికాయ ముక్కలు కూడా పంపిస్తా. ఇక్కడ పాటియోలో పెడితే ఉడతలు క్లీన్ చేసేస్తున్నాయి" అంది.

ఆ టేపుల మీద ఒక తగాదా ఉంది. బ్యాండు మొదటి డ్రమ్మర్ ఫ్రాంక్ గొడవపడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ఆల్బమే వాళ్లను ఆకాశానికెత్తింది. ఆ పాటలు కట్టింది తాను ఉండగానేనని, దరువులన్నీ తనవేనని ఫ్రాంక్ మొత్తుకుంటూనే ఉన్నాడు. కంపెనీ మాత్రం ఈ రిహార్సల్స్ అతను వెళ్లాక కాలిఫోర్నియాలో జరిగాయంది. డబ్బాల మీద ఒక్క అక్షరం లేదు. పాడినతను చనిపోయాడు. మిగిలినవాళ్లకి ఆ రోజుల్లో ఏ ఊళ్లో ఉన్నారో అప్పుడే తెలియదు, ఇప్పుడేం గుర్తుంటుంది! అందుచేత ఈ టేపులతో రాబోయే సీడీ మీద ఫ్రాంక్ పేరు లేదు.

కనీసం వింటానని ఫ్రాంక్ అడిగితే మా చీఫ్ ఇంజనీర్ గ్రెగ్ రమ్మన్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, వచ్చి సోఫాలో కూర్చుని మోకాళ్ల మీద దరువేస్తూనే ఉన్నాడు.

టేపు స్పీడు సరిచూడడానికి మాకొక పద్ధతి ఉంది. చాలా రికార్డింగుల అడుగున కరెంటు మోత సన్నగా గుంయ్‌మంటుంటుంది. దాన్ని హమ్ అంటాం. అమెరికా కరెంటు సెకనుకు అరవై సైకిల్స్. హమ్ అరవై దగ్గర లేకపోతే ఆనాటి రికార్డర్ స్పీడు తప్పిందని లెక్క. ఈ టేపులో యాభై చూపించింది. గ్రెగ్ పద్ధతి ప్రకారం స్పీడు పెంచాడు. అరవై వచ్చింది. దాంతోపాటు, గరగరలాడే గొంతుకి పేరుపడ్డ ఆ గాయకుడు బాలవాడి పిల్లాడిలా పాడటం మొదలెట్టాడు. ఫ్రాంక్ సోఫాలో పడి నవ్వాడు. గ్రెగ్ చెవులు ఎర్రబడ్డాయి.

స్పీడు మళ్లీ తగ్గించమన్నాను. గొంతు దారికొచ్చింది. దాని అడుగున ఉన్న గుంయ్ మోత నాకు బాగా తెలిసినదే. అమెరికా రాకముందు హైదరాబాద్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో నా ఉద్యోగంలో సగం దానితో కుస్తీ పట్టడమే. మా దేశంలో కరెంటు యాభై, యూరప్‌లోనూ అంతే, ఇది అమెరికాలో రికార్డు చేసిన టేపు కాదు అన్నాను.

ఫ్రాంక్ నవ్వు ఆగిపోయింది. లేచి నిలబడి, "స్టాక్‌హోమ్!" అని కేక పెట్టాడు. "చలికి చేతులు కొంకర్లు పోతుంటే గ్లవ్స్ వేసుకుని వాయించాను!" ఆ ఆల్బమ్‌కు ముందు బ్యాండు అమెరికా దాటింది ఒక్కసారే, యూరప్‌కి, అదీ ఫ్రాంక్ ఉండగా. ఈ మాట కంపెనీయే ఒప్పుకుంది.

ఆ మధ్యాహ్నం పనేం జరగలేదు. వాల్యూమ్ పూర్తిగా పెంచమని, టేపుతో పాటు ఫ్రాంక్ సోఫా చేతుల మీద దెబ్బకి దెబ్బ వాయించాడు. ఒక్కటీ తప్పలేదు. గ్రెగ్ టేబుల్ అందుకున్నాడు. నేనూ ఊరుకోలేదు, నా తాళం తప్పుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. అంత సంతోషంగా ఉద్యోగం చేసిన రోజు నాకు మరొకటి లేదు.

మా రిపోర్టును కంపెనీ అంగీకరించింది. సీడీ మీద డ్రమ్స్ అన్నచోట ఫ్రాంక్ పేరు ఒక్కటే పడింది. అప్పటినుంచి మా స్టూడియోలో పద్ధతి కాస్త మారింది: స్పీడు ముట్టుకునే ముందు, అది ఏ దేశపు కరెంటో తేల్చుకోవాలి.