బేరింగులో చిక్కిన చమ్కీ

మా ముత్తాత దండు గుర్రాలకు గడ్డీ దాణా సరఫరా చేసిన గుత్తేదారు. తిరుమలగిరి నుంచి బొల్లారం దాకా ఏ పటాలం గుర్రం మేసినా అది మా ముత్తాత పంపిన గడ్డే. ఆయన కొడుకు, అంటే మా తాత, గుర్రాలను మేపడంతో ఊరుకోలేదు, పందేల్లో పరుగెత్తించాడు. బొల్లారంలో పద్నాలుగు గుర్రాల లాయం ఆయనది. ఆయన గుర్రాలెక్కిన రౌతులు ముదురెరుపు పట్టు చొక్కా వేసుకునేవారు. దాని మీద అడ్డంగా పసుపు పట్టీ. ఆ రంగులు మలుపు తిరిగి కనబడగానే జనం లేచి నిలబడేవారని నానమ్మ చెప్పేది.

దుకాణానికి వెళ్ళి వస్తువు ఎంచుకోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. బట్టల మూటలతో, నగల పెట్టెలతో దుకాణాలే మా గుమ్మంలోకి వచ్చేవి. ‘ఉన్నదాంట్లో మంచిది ఇచ్చి వెళ్ళు’ అనడమే మావాళ్ళు ఆడే బేరం.

నాకు ఊహ తెలిసేసరికి లాయంలో మూడు గుర్రాలు మిగిలాయి. తర్వాత అవీ లేవు. ఇప్పుడు నేను చిలకలగూడలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. తాత నుంచి నాదాకా వచ్చినవి రెండే. ఒకటి ఆ పట్టు చొక్కా, రెండోది గుర్రమెక్కినప్పుడు కాళ్ళు పెట్టుకునే వెండి రికాబులు ఒక జత.

ఆ రంగులను నేను ఉద్యోగ విరమణ తర్వాత మళ్ళీ పందెంలోకి దింపాను. ఈసారి గుర్రం లేదు. అడుగున్నర పొడవున్న కారు, చేతిలో రిమోట్, కడుపులో బ్యాటరీ. చూడనివాళ్ళు దాన్ని ఆటబొమ్మ అంటారు. చూసినవాళ్ళు అది పక్కనుంచి దూసుకుపోయినప్పుడు కాళ్ళు వెనక్కి తీసుకుంటారు. దాని పైతొడుగుకు ముదురెరుపు వేయించి, పసుపు పట్టీ నా చేత్తో నేనే దిద్దాను.

బొల్లారంలో ఒక ఫంక్షన్ హాలుకు కార్లు నిలిపే సిమెంటు జాగా ఉంది. మా పందేలు అక్కడే. పెళ్ళిళ్ళున్న రోజుల్లో మాకు చోటు దొరకదు కాబట్టి మేం మూఢం కోసం ఎదురుచూస్తాం. ఊరంతా ముహూర్తాలు లేవని చేతులు ముడుచుకుని కూర్చుంటే, ఆదివారం పొద్దున్నే మేం ఎనిమిది మందిమి కార్లు సంచుల్లో పెట్టుకుని బయల్దేరతాం.

ఆ ఎనిమిది మందిలో ఒక్క పందెమూ ముగించనివాణ్ణి నేనే. ఒకసారి మర, అదే స్క్రూ, ఊడి చక్రం ఒరిగిపోయేది, ఇంకోసారి బేరింగు పట్టేసేది. ఓడితే నాకు చిన్నతనం లేదు. తాత గుర్రాలూ ఓడాయి. కానీ ఆయన రంగులు గీత దాటకుండా దారిలో కూలబడిన రోజు లేదని విన్నాను. నేనేమో ప్రతిసారీ నడిచి వెళ్ళి ఆ ముదురెరుపు కారును చేతుల్లో మోసుకొచ్చేవాణ్ణి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పళ్ళ డాక్టరుగారొకాయన అప్పుడు తప్పకుండా పలకరించేవారు.

“ఏవండీ, మీ గుర్రం ఈ ఆదివారమైనా తన కాళ్ళ మీద ఇంటికెళ్తుందా, మళ్ళీ మీ చంకెక్కుతుందా?”

ఈ మూఢం వెళ్ళేలోగా ఒక్క పందెమైనా ముగించకపోతే కారుకు తెల్లరంగు వేయించాలని తీర్మానించుకున్నాను. తాత రంగులను నవ్వులపాలు చేసే హక్కు నాకు లేదు.

అందుకే రాణిగంజ్ వెళ్ళాను. అక్కడ బేరింగు దుకాణాల వరసలో ఒకటి తండ్రి తర్వాత కూతురు నడుపుతోంది. ఆమెకు యాభై అయిదేళ్ళుంటాయి. గోడల నిండా పెట్టెలు. ఒక దాంట్లో లారీ చక్రానికి వేసే బేరింగు ఉంటే, పక్కదాంట్లో చిటికెన వేలికి ఎక్కనిది ఉంటుంది. మా కార్లకు సరిపోయే మరలు కూడా ఆమె దగ్గర దొరుకుతాయి. కారును బల్ల మీద పెట్టాను.

“మరలూ బేరింగులూ అన్నీ మార్చాలి. ఉన్నదాంట్లో మంచివి ఇవ్వండి.”

ఆమె కారును అటూ ఇటూ తిప్పి చూసింది. “మస్తున్నది సార్, పెండ్లికొడుకు లెక్క తయారు చేసిన్రు. మంచివి అంటే, దేనికి మంచివి?”

“అన్నిటికీ.”

“అన్నిటికి మంచిది ఏదుండదు సార్. యాడ నడుపుతరు? దుమ్ముంటదా? దేన్నన్న గుద్దుతదా?”

అన్ని ప్రశ్నలకు జవాబు చెప్పి వస్తువు కొనడం నాకు అలవాటు లేదు. “బేరింగుల్లో ఖరీదైనవీ, మరల్లో తేలికైనవీ ఇవ్వండి చాలు” అన్నాను.

ఆమె పింగాణీ గుండ్లున్న బేరింగులు తీసింది. పక్కల మూతలు లేవు, ఆవగింజల్లాంటి తెల్లటి గుండ్లు బయటికే కనబడుతున్నాయి. ఒకదాన్ని పెన్సిలు మొనకు తొడిగి వేలితో మీటింది. అది తిరగడం మొదలుపెట్టింది. రోడ్డు మీద బస్సు వచ్చి, మనుషుల్ని దించి, ఎక్కించుకుని వెళ్ళింది. అది తిరుగుతూనే ఉంది. తిరుగుతున్నట్టు కాక, కదలకుండా నిలబడి మెరుస్తున్నట్టుంది. నా జన్మలో అంత చిన్న వస్తువు ముందు అంతసేపు నిలబడలేదు.

“నోరు ముయ్యుండ్రి సార్, ఈగ పోతది” అందామె.

తేలికైన అల్యూమినియం మరలు గుప్పెడు అరచేతిలో పోస్తే బరువే తెలియలేదు. అన్నీ కొన్నాను.

ఆదివారం మొదటి మూడు చుట్లలో నా కారు రెండో స్థానంలో ఉంది. చక్రాలు నేలను తాకుతున్నాయో లేదో నాకే అనుమానం వచ్చింది. డాక్టరుగారు మాటలు మానేసి తన కారును చూసుకుంటున్నారు. నాలుగో చుట్టులో కీచుమని ఒక అరుపు. ముందు కుడి చక్రం పట్టేసింది. కారు పల్టీకొట్టి పూలకుండీల గట్టుకు తగిలింది. తేలికైన మరల తలలు తెగి రెండు చక్రాలు రెండు దిక్కులకు పోయాయి. నడిచి వెళ్ళి అన్నీ ఏరుకుని వచ్చాను. ఆరోజు డాక్టరుగారు వేళాకోళం మాని నా సంచి తెరిచి పట్టుకున్నారు. అదే ఎక్కువ బాధగా ఉంది.

మర్నాడు మళ్ళీ రాణిగంజ్. ఆమె ఆ బేరింగును ఊడదీసి ఒక చువ్వకు తొడిగింది. స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రెండో చేత్తో మెల్లగా తిప్పుతూ కళ్ళు మూసుకుంది. తర్వాత నాకిచ్చింది. “ఇనుండ్రి.”

ఎవరో ఇసుక నములుతున్నట్టుంది.

కొత్త బేరింగు పెట్టి మళ్ళీ వినమంది. మొదట ఏమీ వినబడలేదు. చెవి కుదుటపడ్డాక ఒక సన్నటి సవ్వడి వచ్చింది. నూనె మీద నూనె జారుతున్నట్టు, ఎక్కడా తెగకుండా. నా వేళ్ళ మధ్య ఉన్నది ఇనుమన్న సంగతి మరిచిపోయాను.

ఆమె సూదితో పాడైన బేరింగు లోపల కెలికి ఏదో బయటికి లాగింది. గోరు చెక్కంత కూడా లేదు, బంగారు రంగులో మెరిసింది. దాన్ని చూసి పగలబడి నవ్వింది.

“చమ్కీ సార్! పెండ్లి చమ్కీ! దండలు మార్చంగ మీదికెల్లి పేలుస్తరు కద, గదే. మూత లేని బేరింగును పెండ్లి జాగల తిప్పితే చమ్కీ ఏంది, అక్షింతలు సుత పడ్తయ్!”

నాకూ నవ్వొచ్చింది. కానీ నా మనసు ఆమె మూసిన కళ్ళ దగ్గరే ఆగిపోయింది. అలా కళ్ళు మూసుకుని ఇనుమును విన్న మనిషిని ఇంతకుముందు ఒక్కణ్ణే చూశాను.

తాత కుర్చీ దిగకుండా పనులు చేయించేవాడన్నది మా ఇంట్లో చెప్పుకునే మాట. గుర్రాలకు లాడాలు కొట్టే రోజు మాత్రం ఆయన పంచె ఎగగట్టి లాయం నేల మీద చతికిలబడేవాడు. నాకప్పుడు ఆరేళ్ళు. మేకుల కుప్ప ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ రాయి మీద తట్టి, చెవికి దగ్గరగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. లాడాలు కొట్టే మనిషికి అందించే ముందు ప్రతిసారీ అడిగేవాడు, “ఇది ఏ కాలికి?” అని. అతను చెప్పాక, ఆ కాలికి సరిపడితేనే మేకు ఇచ్చేవాడు, లేకపోతే పక్కన పడేసేవాడు. పట్టుచీరల మూట ముందు ధర అడగని మనిషి, మేకు ముందు అన్నీ అడిగాడు. ఇన్నేళ్ళూ నాకు మొదటిదే గుర్తుంది.

“ఒక స్టూలు ఇప్పిస్తారా?” అన్నాను.

ఆమె స్టూలు జరిపింది. జాగా ఎలా ఉంటుందో, మలుపులెక్కడో, దేనికి గుద్దుకుంటుందో అన్నీ చెప్పాను. అవి విని ఆమె ఎంచి పెట్టింది: చక్రాలను పట్టి ఉంచే, దెబ్బ తగిలే కింది కడ్డీలకు ఉక్కు మరలు, పైన పలకకు టైటానియం, చక్రాలకు రబ్బరు మూతల మామూలు ఉక్కు బేరింగులు. “రబ్బరు జెర పట్టి ఉంటది, స్పీడ్ కొంచెం తగ్గుతది. కానీ చమ్కీ లోపలికి రాదు” అంది. ఎనిమిది బేరింగులు కావాలంటే ఇరవై బల్ల మీద పోసింది. ఒక్కొక్కటే చువ్వకు తొడిగి విన్నాను. పది నిమిషాల తర్వాత ఒకదాన్ని పక్కన పెట్టాను.

“అదెందుకు వద్దు? కొత్తదే కద.”

“ఒకచోట తడబడుతోంది.”

ఆమె తీసుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. “అవు… నేను సుత పట్టకపోదును. చెవున్నదన్నా మీకు.”

మా ఇంటివాళ్ళను దుకాణంలో ఎవరూ అన్నా అని పిలిచి ఉండరు. నేను సరిదిద్దలేదు. ఆ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఆ గుండ్లను ఇంత గుండ్రంగా చెక్కిందెవరో, ఏ ఊళ్ళోనో. వాటి మీద ఎవరి వంశమూ రాసి లేదు. లోపమూ లేదు.

మూఢంలో చివరి ఆదివారం. ఈసారి కారు ఎగిరినట్టు లేదు, నేల మీద నడిచినట్టే ఉంది. రెండుసార్లు గట్టుకు గట్టిగా రాసుకుంది. మరలు పట్టు వదల్లేదు. ఎనిమిదింటిలో ఆరోదిగా ముదురెరుపూ పసుపు పట్టీ గీత దాటాయి.

“నడిచే వచ్చిందండోయ్!” అని డాక్టరుగారు ఇద్దరికీ వినబడేలా చప్పట్లు కొట్టారు, నాకూ, నా కారుకూ.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని లేను, అప్పటికే నిలబడే ఉన్నాను. అయినా లేచి నిలబడ్డట్టే అనిపించింది.

మొదట కొన్న పింగాణీ బేరింగుల్లో ఏడు బాగానే ఉన్నాయి, పెట్టెలో దాచాను. అవి కొనడానికి తాత వెండి రికాబులు రెండూ జనరల్ బజారులో అమ్మాను.