లిస్బన్‌లో మా చెల్లి తెలుగు

ఈ చలికాలం నోవై ఊళ్ళో మా ఆఫీసుకి ఒక తెలుగమ్మాయి ఇంటర్న్‌గా వచ్చింది. కాకినాడ పిల్ల, ఎం.ఎస్. చదువుతోంది. మొదటి వారం నన్ను మేడమ్ అంది, రెండో వారానికి ఆంటీని చేసేసింది. మొన్న లంచ్ వేళ మైక్రోవేవ్ దగ్గర నిలబడి, స్ప్రింగ్ బ్రేక్‌కి ఫ్రెండ్స్‌తో లిస్బన్ వెళ్తున్నామనీ, టికెట్లు చవగ్గా దొరికాయనీ చెప్పింది. "మీరు స్టూడెంట్‌గా ఉన్నప్పుడు వెళ్ళారంట కదా ఆంటీ, మస్ట్‌గా చూడాల్సినవి చెప్పండి, నోట్ చేసుకుంటా" అని ఫోన్ తీసింది. నాకు ఎంత ఆలోచించినా ఒక్క కోట పేరు గానీ, ఒక్క చర్చి పేరు గానీ తట్టలేదు. "అన్నీ కొండలూ మెట్లూను. మంచి షూస్ వేసుకెళ్ళు" అని తప్పించుకున్నాను. ఆ పిల్ల కాస్త నిరాశగా అదే రాసుకుంది. కానీ ఆ మధ్యాహ్నమంతా ఆ ప్రయాణమే గుర్తొస్తూ, నేను చేసిన పని తక్కువ.

అప్పట్లో నేను షికాగోలో ఎం.ఎస్. రెండో ఏడు. శని ఆదివారాలు ట్రైనెక్కి నేపర్‌విల్‌లో మా పిన్ని ఇంటికి పోయేదాన్ని, ముఖ్యంగా పప్పుచారు కోసం. పిన్ని కూతురు అక్కడే పుట్టి పెరిగింది, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. నేను వచ్చిన కొత్తలో నా వెనకే తిరిగేది. తనకొచ్చిన తెలుగులో కబుర్లు చెప్పేది, రాని మాట దగ్గర ఆగి నా మొహంలోకి చూసేది. తర్వాత ఎప్పుడో అది ఆగిపోయింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది, అదీ క్లుప్తంగా. కాలేజీలో చేరింది కదా, పెద్దదయిందనుకున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

లిస్బన్ ఆలోచన తనదే. వాళ్ళ కాలేజీకీ మా యూనివర్సిటీకీ స్ప్రింగ్ బ్రేక్ ఒకే వారం పడింది, తనతో వస్తానన్న స్నేహితురాలు మానేసింది. ఒంటరిగా పంపడానికి పిన్ని ఒప్పుకోలేదు. "అక్క వస్తే వెళ్ళు, లేకపోతే లేదు" అని తేల్చేసింది. అలా నేను కాపలా ఉద్యోగం మీద యూరప్ వెళ్ళాను. తనది అమెరికా పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు, ఫోన్‌లో టికెట్ బుక్ చేయడంతో తన పని అయిపోయింది. నేను మాత్రం బ్యాంకు కాగితాలు, కాలేజీ ఉత్తరం, ఐ-20 ఫారం, ఫొటోలు అన్నీ పెళ్ళిచూపులకి సిద్ధమైనట్టు సర్దుకుని వీసా ఆఫీసుకి రెండుసార్లు తిరిగాను. బయల్దేరే ముందు పిన్ని మా బ్యాగుల్లో పులిహోర, చపాతీలు, కందిపొడి, గోంగూర పచ్చడి కుక్కింది. "దాన్ని నీకప్పగిస్తున్నా, జాగ్రత్తగా చూసుకో" అని నాకు చెప్పింది. చెల్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

రెండు చోట్ల విమానం మారి, ఒళ్ళు హూనమై, పొద్దున పదిగంటలకి లిస్బన్‌లో దిగేసరికి జోరుగా వాన. టాక్సీ మా లెక్కలో లేదు. బస్సు దిగి, రాళ్ళు పరిచిన సందుల్లో సామాన్లు ఈడ్చుకుంటూ కొండెక్కాం. మేము తీసుకున్నది పాత పేటలో ఒక ముసలావిడ ఇంట్లో గది. అయిదో అంతస్తు, లిఫ్ట్ లేదు. అందుకే మాకు అందుబాటులో ఉంది. గది అద్దెకిచ్చే వ్యవహారమంతా నడిపేది ఆవిడ మేనకోడలు, ఆమె ఉండేది వేరే ఊళ్ళో. తలుపు తీసిన మామ్మగారికి ఎనభై ఏళ్ళుంటాయి. నల్ల గౌను, భుజాల మీద శాలువా, నా భుజం దాకా వచ్చే ఎత్తు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ట్రాన్స్‌లేట్ చేద్దామంటే మా ఫోన్లకి అక్కడ డేటా లేదు, ఇంట్లో వైఫై వానకి పోయింది. నేను ఇంగ్లీషునే గట్టిగా, సాగదీసి మాట్లాడడం మొదలుపెట్టాను, అలా మాట్లాడితే ఎవరికైనా అర్థమవుతుందన్నట్టు. ఆవిడ నాకన్నా గట్టిగా పోర్చుగీసులో జవాబిచ్చింది. గుమ్మంలో నీళ్ళు మడుగు కట్టాయి.

చెల్లి పళ్ళు టకటకలాడుతున్నాయి. మేము విసుక్కుంటున్నట్టు ఆవిడకి తెలియకూడదనేమో, ఏడాది పైన అయ్యాక మొదటిసారి, గొంతు తగ్గించి నాతో తెలుగులో అంది: "అక్కా, తువ్వాలు అడుగు."

మామ్మగారి మొహం వెలిగింది. "తువాల్య?" అంది. "తువాల్య!" అని మళ్ళీ తనే అనుకుంటూ లోపలికి పరిగెత్తినంత పని చేసి, రెండు పెద్ద తువ్వాళ్ళు తెచ్చి చెరొకరి నెత్తిన వేసింది. నేను తల తుడుచుకోవడంలో పడ్డాను. నాకేమీ తట్టలేదు. తువ్వాలు కిందనుంచి చెల్లి గొంతు వినిపించింది. "అక్కా, సేమ్ వర్డ్."

ఆ మధ్యాహ్నానికల్లా తనకి అదే పనయింది. ఇల్లంతా తిరుగుతూ, కనిపించిన ప్రతి వస్తువునీ వేలితో చూపించి పిన్ని ఇంట్లో దాన్నేమంటారో అది అనేది. సబ్బు అంటే ఆవిడ ముక్కుతో "సబావ్" అంది. చెక్క బీరువాని అల్మారా అంటే "అర్మారియు" అంది. బాల్చీ అంటే బాల్చీనే పైకెత్తి చూపించింది. విమానంలో ఊడిన కోటు గుండీ పట్టుకెళ్ళి బొత్తాం అంటే, మారుమాట లేకుండా సూదీ దారం తీసి కుట్టిపెట్టింది. అన్నీ కలవలేదు. గరిటె, చీపురు, ముక్కాలిపీట దగ్గర తల అడ్డంగా ఊపేసింది. కలవనప్పుడు ఇద్దరూ పోగొట్టుకున్న వస్తువు కోసం వెతుకుతున్నట్టు మొహాలు పెట్టి తర్వాతి దానికి కదిలేవాళ్ళు. కొన్ని వందల ఏళ్ళ కిందట వీళ్ళ ఓడలు మన తీరాలకి వచ్చాయనీ, సామాన్లతో పాటు మాటలూ దిగాయనీ నేను ఎక్కడో చదివింది చెప్పుకొచ్చాను. చెల్లి మర్యాదగా విని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది, అక్కడ ఇంకా చాలా సామానుంది.

రెండో రోజు ఊరు చూడ్డానికి బయల్దేరాం. ట్రామ్ ఎక్కకుండా నడుద్దామని కాపలాదారు హోదాలో నేనే నిర్ణయించాను. ఇంటి గోడలకి నీలం తెలుపు పెంకులు, కిటికీల బయట తీగల మీద ఆరేసిన దుప్పట్లు, సందు చివర్న మెరుస్తున్న నది. పైకి చూస్తూ దిగుతున్నదాన్ని తడి మెట్టు మీద జారి కూలబడ్డాను. చీలమండ నిమిషంలో వంకాయంత వాచింది. చెల్లి నన్ను పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ, అయిదంతస్తులూ ఎక్కించింది. తలుపు తీసిన మామ్మగారికి ఈసారి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కానీ చెల్లే ముందు అంది: "బాల్చీ. వేడి నీళ్ళు." మొదటి మాట అర్థమై, రెండోది నా కాలు చూసి ఊహించుకుని, ఆవిడ పొయ్యి వెలిగించింది.

వంటింట్లో కుర్చీలో నేను, ఎర్ర ప్లాస్టిక్ బాల్చీలో నా కాలు. చెల్లి నేల మీద కూర్చుని నీళ్ళు మోకాలి దాకా చేత్తో పోస్తోంది. మామ్మగారు పొయ్యి దగ్గర ఏదో పాడుకుంటోంది. ఉన్నట్టుండి నాకు అడగాలనిపించింది.

"ఏడాది పైనుంచీ నాతో తెలుగులో మాట్లాడవు. ఇక్కడ ఈవిడతో పొద్దస్తమానం మాట్లాడుతున్నావే."

తను తలెత్తలేదు. "ఈవిడ నవ్వదు, అక్కా. నేను ఏదో చెప్తా, ఆ థింగ్ తెస్తుంది. అంతే."

"మరి ఎవరు నవ్వారు?"

"నువ్వు నవ్వింది."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను వచ్చిన మొదటి ఏడు దసరాకి పిన్ని ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ జరిగింది. పక్కింటాయన వచ్చి గరాజ్ తలుపు బాగుచేసిన సంగతి చెల్లి ఆంటీలందరికీ ఉత్సాహంగా చెప్పింది: "అంకుల్ వచ్చింది, కాఫీ తాగింది, డోర్ ఫిక్స్ చేసింది, వెళ్ళిపోయింది." నేను పడీపడీ నవ్వి, అదే గొంతుతో, అదే యాసతో మళ్ళీ చెప్పాను. ఇల్లంతా నవ్వింది, పిన్నితో సహా. తర్వాత రెండు పార్టీల్లో నన్ను అడిగి మరీ చెప్పించుకున్నారు. అందరి మధ్యా తనూ నవ్వినట్టే నాకు జ్ఞాపకం. క్లాసులో నా ఇంగ్లీషుకి ఎవరైనా ముసిముసిగా నవ్వితే ఆ రోజంతా అన్నం సయించేది కాదు నాకు. అలాంటి నేనే తన తెలుగుతో అందరినీ నవ్వించాను.

"తప్పయిపోయిందే" అన్నాను. "నీకంత కష్టమేసిందని నాకు తెలీలేదు. తెలుసుకోవాల్సింది."

"ఓకే. కానీ ఆ జోక్ ఇంక చెప్పద్దు."

"చెప్పను."

ఇద్దరి కళ్ళూ తడయ్యాయి. మామ్మగారు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, నొప్పి ఎక్కువైందనుకుని, పొయ్యి మీది గిన్నె తెచ్చి మరిగే నీళ్ళు బాల్చీలో కుమ్మరించింది. నేను కెవ్వుమని కాలు తీసిన తీరుకి చెల్లి నేల మీద దొర్లి నవ్వింది. ఆవిడా నవ్వింది, నోట్లో నాలుగు పళ్ళు కూడా లేవు. ఈ నవ్వుకి నాకేమీ అభ్యంతరం లేకపోయింది.

మిగిలిన రెండు రోజులూ నేను వరండాలో కాలు చాపుకుని కూర్చున్నాను. వరండాని వాళ్ళూ దాదాపు అలాగే అంటారు. చెల్లి ఒక్కతే ఊరు చూసి రావచ్చు, వెళ్ళమని నేనూ అన్నాను. తను మామ్మగారితో రొట్టెల కొట్టుకీ, కూరగాయల కొట్టుకీ వెళ్ళి గంటలు గంటలు గడిపి వచ్చేది. పిన్ని పెట్టిన గోంగూర పచ్చడి ఆవిడకి రుచి చూపించాం. కళ్ళ నీళ్ళు కారుతుండగా ఇంకాస్త వేయమని రొట్టె చాపింది. చివరి రోజు మధ్యాహ్నం ఆవిడ పాలలో బియ్యం ఉడికించి, పంచదార వేసి, పైన దాల్చినచెక్క పొడితో గళ్ళు గీసి మా ముందు పెట్టింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని చెల్లి "పరమాన్నం" అంది. మామ్మగారు జాగ్రత్తగా పలికింది: "పర్మానా." నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. చెల్లి నవ్వలేదు. గంభీరంగా తలూపి, "అవును, పర్మానా" అంది. నేను చెంచా నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. తువ్వాలు అనే మాటని మొట్టమొదట మన ఊళ్ళో ఎవరో ఇలాగే తప్పు పలికి ఉంటారని నాకు అప్పుడు తోచింది.

వచ్చేటప్పుడు మామ్మగారు అయిదంతస్తులూ దిగి బస్సు దాకా వచ్చింది, నా సంచి తనే మోస్తూ. షికాగోలో దిగాక చెల్లి సిటిజెన్ల లైనులో పది నిమిషాల్లో బయటపడింది. నేను కాగితాల కట్టతో, కుంటి కాలితో గంటకు పైగా నిలబడ్డాను. అవతలికి వచ్చేసరికి తను నా కోసం వీల్‌చెయిర్ సంపాదించి కూర్చుని ఉంది. పిన్ని ఎదురొచ్చి, నన్ను తోసుకొస్తున్న కూతుర్ని చూసి, "ఎవర్ని ఎవరికప్పగించాను నేను" అంది. దారి పొడుగునా కార్‌లో చెల్లే అంతా చెప్పింది, తెలుగులో, క్రియలన్నీ తలకిందులుగా. పిన్ని దిద్దబోతుంటే నేను వెనక సీట్లోంచి ఆవిడ భుజం తట్టి ఆపాను.

చెల్లి ఇప్పుడు నేపర్‌విల్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఫిజికల్ థెరపిస్టు. తెలుగు పెద్దవాళ్ళెవరొచ్చినా తన దగ్గరికే పంపుతారు. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒకాయనతో మొన్న, "అంకుల్, నిన్న మీరు బాగా నడిచింది" అన్నదట. ఆయన పకపకా నవ్వాడట, తను ఆయనకన్నా ఎక్కువ నవ్విందట. ఈ సంగతి ఫోన్ చేసి నాకు తనే చెప్పింది, ఎక్కడ తప్పుందో కూడా తనే చెప్పింది. ఇరవై ఏళ్ళప్పుడు మింగుడుపడని మాట ముప్ఫై దాటాక ముచ్చటగా మారడానికి మధ్యలో కాలం ఏం చేస్తుందో నాకు తెలియదు. ఏం చేసినా అది మనం చూడనప్పుడే, ఏ మాత్రం తొందర లేకుండా చేస్తున్నట్టుంది.